ఆన్‌లైన్‌లో చదివి సామాజిక సేవా రంగంలో ఉద్యోగానికి ఎలా సిద్ధం కావాలి?

సామాజిక సేవా రంగంలో పని చేయాలని ఆన్‌లైన్ కోర్సు వెతికేవాళ్లు ముందు ఫీజు చూస్తారు, ఆ తర్వాత ఎన్ని నెలల్లో పూర్తవుతుందో చూస్తారు. నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది ఫీల్డ్‌వర్క్. ఆ కోర్సు మిమ్మల్ని ఎన్ని గంటలు మనుషుల మధ్యకు పంపుతుంది? అక్కడ మీ పనిని ఎవరు గమనిస్తారు? తప్పొప్పులు ఎవరు చెబుతారు? ఈ మూడిటికీ జవాబు దొరికాకే మిగతా లెక్కలు.

పాఠం వీడియోలో వినొచ్చు, పరీక్ష ఇంట్లో కూర్చుని రాయొచ్చు. కానీ ఇల్లు వదిలి వచ్చేసిన మనిషి ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే, తొందరపడి ఓదార్చకుండా, గడియారం వైపు చూడకుండా, ఆ మనిషి మళ్లీ మాట్లాడేదాకా ఆగడం వీడియో చూస్తే వచ్చేది కాదు. 2014లో అంతర్జాతీయ సోషల్ వర్కర్ల సమాఖ్య ఆమోదించిన నిర్వచనం కూడా సోషల్ వర్క్‌ని ఆచరణ మీద ఆధారపడిన వృత్తి అనే మొదలుపెడుతుంది. అలాగని ఆన్‌లైన్ చదువును తక్కువ చేయక్కర్లేదు. ఈ ఉద్యోగాల్లో సగం పని రాత, ఫోను, వేళకు పని ముగించడం. ఆ మూడూ ఆన్‌లైన్ చదువులో బాగానే అలవడతాయి. లోటు ఎక్కడ ఉందో తెలుసుకుని దాన్ని మీరే పూడ్చుకుంటూ పోవాలి.

అడుగు 1: ఎవరితో పని చేయాలో తేల్చుకోండి

సామాజిక సేవ కింద చాలా రకాల ఉద్యోగాలు వస్తాయి. పిల్లల రక్షణ, వృద్ధుల సంరక్షణ, వైకల్యం ఉన్నవాళ్లకు తోడ్పాటు, గృహహింస నుంచి బయటపడ్డ మహిళలకు ఆశ్రయం, మద్యం, మత్తు పదార్థాలు మానాలనుకునేవాళ్లకు సాయం, ఇల్లు లేనివాళ్లకు వసతి, శరణార్థుల పునరావాసం, మానసిక ఆరోగ్యం. ఒక్కోదానికి అడిగే చదువు వేరు, కావాల్సిన స్వభావం కూడా వేరు. వృద్ధుల దగ్గర ఎంతో ఓపిగ్గా ఉండే మనిషి, కోపంతో ఊగిపోయే పదహారేళ్ల కుర్రాడి ముందు తడబడవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చేరకముందే తెలుసుకుంటే మంచిదంతే.

దీనికి కోర్సు బ్రోషర్లు చదివి లాభం లేదు, ఉద్యోగ ప్రకటనలు చదవండి. మీరు పని చేయాలనుకునే ప్రాంతంలో, మీకు నచ్చిన విభాగంలో పది ప్రకటనలు తీసి పక్కపక్కన పెట్టుకోండి. అర్హత అన్నచోట మళ్లీ మళ్లీ కనిపించేవి గుర్తుపెట్టండి: ఏ స్థాయి సర్టిఫికెట్, ఎంత అనుభవం, డ్రైవింగ్ లైసెన్స్, ప్రథమ చికిత్స శిక్షణ, రెండో భాష. పదింట్లో ఏడెనిమిది ఒకే డిప్లొమా అడుగుతుంటే మీకు కావాల్సింది అదే. ఎవరూ అడగని సర్టిఫికెట్‌ని ఎంత అందంగా ప్రచారం చేసినా దాని జోలికి పోకండి.

ఇంకో మాట. సహాయక సిబ్బంది, కేస్ వర్కర్ (ఒక్కో మనిషి సమస్యను వెంట ఉండి చూసేవాళ్లు), సోషల్ వర్కర్, కౌన్సెలర్, ఇవి ఒకే పనికి నాలుగు పేర్లు కావు. చాలా దేశాల్లో సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే గుర్తింపు పొందిన డిగ్రీ ఉండాలి, ప్రభుత్వం ఏర్పాటు చేసిన సంస్థ దగ్గర పేరు నమోదై ఉండాలి. ఇంగ్లండ్‌లో ఆ హోదా చట్ట రక్షణ ఉన్నది, నమోదు లేనివాళ్లు వాడుకోవడానికి లేదు. కొన్ని నెలల సర్టిఫికెట్‌తో సహాయక సిబ్బందిగా చేరవచ్చు. అది గౌరవమైన పనే, ముందుకు వెళ్లడానికి మంచి మెట్టు కూడా. కాకపోతే ఆ కోర్సుతోనే సోషల్ వర్కర్ అయిపోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

అడుగు 2: కోర్సు గుర్తింపును మీరే సరిచూసుకోండి

"మా కోర్సుకు గుర్తింపు ఉంది" అని ప్రతి సంస్థా రాసుకుంటుంది. గుర్తింపు ఇచ్చింది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. ఆ సంస్థ పేజీలో ఉన్న ముద్ర చూసి ఆగిపోకుండా, గుర్తింపు ఇచ్చే నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌కి మీరే వెళ్లి, అక్కడి జాబితాలో ఆ కోర్సు పేరు ఉందో లేదో వెతకండి. కోర్సు పేరు, కోడ్, విధానం మూడూ సరిపోవాలి. క్యాంపస్‌లో చెప్పే కోర్సుకు గుర్తింపు ఉండి, అదే పేరుతో ఆన్‌లైన్‌లో చెప్పేదానికి లేకపోయే అవకాశం కూడా ఉంది. వేరే దేశంలో పని చేయాలనుకుంటే ఆ దేశపు సంస్థ మీ డిగ్రీని ఒప్పుకుంటుందా అన్నది చేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

తర్వాత ఫీల్డ్‌వర్క్ గంటలు. ఇవి ఎంత పెద్ద లెక్కో చాలామందికి చేరేదాకా తెలియదు. అమెరికాలో గుర్తింపు పొందిన సోషల్ వర్క్ డిగ్రీకి కనీసం 400 గంటలు, మాస్టర్స్‌కి కనీసం 900 గంటలు ఫీల్డ్‌లో గడపాలి. ఆస్ట్రేలియాలో సోషల్ వర్క్ డిగ్రీకి 1,000 గంటలు. ఇంగ్లండ్‌లో ఆచరణ శిక్షణ మొత్తం 200 రోజులు. మీరు క్లాసులు ఆన్‌లైన్‌లో విన్నంత మాత్రాన ఈ లెక్క తగ్గదు. సర్టిఫికెట్, డిప్లొమా స్థాయిలో తక్కువే ఉంటుంది. అయినా మనుషులతో నేరుగా చేసే పనికి శిక్షణ ఇస్తామంటూ ఒక్క గంట కూడా ఫీల్డ్‌కి పంపని కోర్సుని నేను ఎవరికీ సిఫార్సు చేయను.

ఫీజు కట్టకముందు సంస్థకు ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు. ఇవి అడగండి:

- ఫీల్డ్‌వర్క్ చోటు మీరు చూపిస్తారా, నేనే వెతుక్కోవాలా? దొరక్కపోతే నా కోర్సు ఏమవుతుంది?
- అక్కడ నన్ను పర్యవేక్షించే వ్యక్తికి ఏ అర్హత ఉండాలి? వారానికి ఎంతసేపు నాతో కూర్చుంటారు?
- లైవ్ క్లాసులు ఉన్నాయా, అన్నీ రికార్డు చేసిన పాఠాలేనా? లైవ్‌లో ఒక బృందానికి ఎంతమంది?
- నేను మనిషితో మాట్లాడే తీరును ఎవరైనా చూసి మార్కులు వేస్తారా, రాసినదానికే వేస్తారా?
- మధ్యలో ఆపేయాల్సి వస్తే ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారు? పూర్తిచేసిన సబ్జెక్టులకు విడిగా సర్టిఫికెట్ ఇస్తారా?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు మీద బాగా దృష్టి పెట్టండి. "విద్యార్థులే చూసుకుంటారు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే, పాఠాలన్నీ పూర్తయ్యాక చోటు దొరక్క సర్టిఫికెట్ ఆగిపోయే ప్రమాదం మీదే.

ఇప్పటికే ఇంట్లో పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి సేవ చేశారా? ఏదైనా సంస్థలో వాలంటీరుగా పని చేశారా? ముందు చేసిన పనికి మినహాయింపు ఇచ్చే పద్ధతి ఉందేమో అడగండి. ఉత్తరాలు, డ్యూటీ పట్టికల లాంటి ఆధారాలు చూపిస్తే కొన్ని సంస్థలు కొన్ని సబ్జెక్టులు తగ్గిస్తాయి.

అడుగు 3: ఉచిత పాఠంతో ఒకసారి పరీక్షించుకోండి

పెద్ద కోర్సుకు డబ్బు కట్టకముందు ఉచితంగా దొరికే చిన్న కోర్సు ఒకటి పూర్తిగా చేయండి. కాయా, డిజాస్టర్‌రెడీ అనే ఆన్‌లైన్ వేదికల్లో మానవతా సహాయ రంగానికి సంబంధించిన ఉచిత కోర్సులున్నాయి. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌లెర్న్‌లో సామాజిక సంరక్షణ మీద పాఠాలున్నాయి. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం కోర్సెరా అనే వేదికలో చెప్పే మానసిక ప్రథమ చికిత్స కోర్సు ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు మంచి మొదలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇదే విషయం మీద తెచ్చిన చేతిపుస్తకంలో మూడే మాటలు: చూడు, విను, కలుపు. పరిస్థితి ఎలా ఉందో చూడు, ఆ మనిషి చెప్పేది విను, సాయం చేయగలవాళ్లతో కలుపు. రేపు మీరు ఏ ఉద్యోగంలో చేరినా ఈ మూడూ చేస్తూనే ఉంటారు.

ఇక్కడ చూడాల్సింది సర్టిఫికెట్ కాదు. రోజంతా పని చేసి వచ్చాక ల్యాప్‌టాప్ ముందు కూర్చోగలుగుతున్నారా, కష్టాల గురించి వరసగా చదువుతుంటే మీ నిద్ర ఎలా ఉంటోంది, ఇంట్లో తలుపు వేసుకుని కూర్చునే చోటు దొరుకుతోందా, వీటికి జవాబులు తెలుస్తాయి. ఇలాంటి ఉచిత కోర్సుల్లో చేరినవాళ్లలో చివరిదాకా నిలిచేవాళ్లు కొద్దిమందే. మీరు నిలిస్తే అది మంచి సంకేతం.

అడుగు 4: మొదటి నెలలోనే మనుషుల మధ్యకు వెళ్లండి

కోర్సులో ఫీల్డ్‌వర్క్ సాధారణంగా పాఠాలు కొంత సాగాక వస్తుంది. అంతదాకా ఆగకండి. ఈ వృత్తికి తరగతి గది తర్వాత వచ్చింది. 1889లో సామాజిక సేవకురాలు జేన్ ఆడమ్స్ షికాగోలోని పేద వలసదారుల పేటలో హల్ హౌస్ అనే సేవా కేంద్రం తెరిచి, అక్కడే నివాసం ఉంటూ ఇరుగుపొరుగువాళ్లకు ఏం కావాలో తెలుసుకున్నారు. న్యూయార్క్‌లో ఈ పనికి ఆరు వారాల వేసవి శిక్షణ మొదలైంది 1898లో. అది పెరిగి కొలంబియా విశ్వవిద్యాలయ సోషల్ వర్క్ కళాశాల అయింది.

వారానికి రెండు మూడు గంటలు చాలు. వృద్ధాశ్రమంలో కబుర్లు చెప్పడం, పిల్లలకు హోంవర్క్‌లో సాయం, ఫారాలు నింపలేనివాళ్లకు నింపిపెట్టడం, ఆపదలో ఉన్నవాళ్ల కోసం నడిచే ఫోన్ సహాయ కేంద్రంలో వాలంటీరు పని, ఏదో ఒకటి. ఫోన్ సహాయ కేంద్రాలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. వాలంటీర్లకు సొంతంగా శిక్షణ ఇస్తాయి, ముఖం కనిపించని చోట గొంతు ఒక్కటే విని మనిషి స్థితి పట్టుకోవడం నేర్పుతాయి, చాలాచోట్ల మీ పక్కన అనుభవజ్ఞులు కూర్చుని ఉంటారు.

మిమ్మల్ని వాలంటీరుగా తీసుకోవాలంటే పోలీస్ వెరిఫికేషన్ కావాలి. పిల్లలతో, వృద్ధులతో పని అంటే దాదాపు అన్నిచోట్లా అడుగుతారు. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. కోర్సులో చేరిన వారంలోనే దరఖాస్తు పెట్టేయండి.

కోర్సు తాలూకు ఫీల్డ్‌వర్క్‌కి చోటు మీరే వెతుక్కోవాల్సి వస్తే, మొదలుపెట్టాల్సిన తేదీకి కనీసం నాలుగు నెలల ముందు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి. "ఏదైనా పని ఇవ్వండి" అని రాస్తే జవాబు రాదు. ఏ కోర్సు, ఎన్ని గంటలు, ఏ రోజుల్లో రాగలరు, మీ కోర్సు నడిపే సంస్థ తరఫున ఎవరు సమన్వయం చేస్తారు, వాళ్ల మీద పడే భారం ఎంత, ఇవన్నీ ఒక పేజీలో ఉండాలి. ఇప్పటికే వాలంటీరుగా వెళ్తున్న చోటు ఉంటే అక్కడే ముందు అడగండి, తెలిసిన మనిషిని తీసుకోవడానికి ఏ సంస్థా వెనకాడదు. చాలావరకు ఈ గంటలకు జీతం ఉండదు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు ఆ నెలలకు సెలవులు, ఇంటి ఖర్చులు ముందే సర్దుకోకపోతే చదువు ఆగేది అక్కడే.

అడుగు 5: చదివింది గుర్తుండేలా చదవండి

2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివాక పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి వీడియో ఆపి, తెల్లకాగితం తీసుకుని, విన్నది మీ మాటల్లో రాయండి. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత మళ్లీ. తెలుగులో రాసుకున్నా నష్టం లేదు. నా ఉద్దేశంలో అదే మేలు, రేపు మీరు సాయం చేసేవాళ్లకు పుస్తకం భాషలో చెబితే అర్థం కాదు.

సిద్ధాంతాలను మీ సొంత ఇంటి మీద ప్రయోగించి చూడండి. మూడు తరాల కుటుంబ పటం గీయడం నేర్పినప్పుడు ముందు మీ కుటుంబానిది గీయండి. ఎవరితో ఎవరికి మాటల్లేవు, ఎవరి మీద ఇల్లంతా ఆధారపడింది అన్నవి గీతల్లో కనిపించేసరికి ఉలిక్కిపడతారు. అపరిచితుల్ని ఈ ప్రశ్నలు అడగడం ఎంత సున్నితమైన పనో అప్పుడు అర్థమవుతుంది.

అడుగు 6: వినడం సాధన చేయండి

తోటి విద్యార్థులు ఇద్దర్ని కలుపుకుని వారానికి ఒకసారి వీడియో కాల్‌లో కూర్చోండి. ఒకరు కష్టం చెప్పుకునే మనిషి, ఒకరు కేస్ వర్కర్, మూడోవాళ్లు గమనించేవాళ్లు. పది నిమిషాలకోసారి పాత్రలు మారండి. చెప్పే కష్టం చిన్నదే ఉండాలి, మీ జీవితంలోని లోతైన గాయాల్ని ఇక్కడికి తేవద్దు, వాటిని పట్టుకునే నేర్పు అవతలివాళ్లకు ఇంకా రాలేదు.

"పిల్లాడు బడికి పోనంటున్నాడండీ, నాకేం చెయ్యాలో తోచడం లేదు" అని ఒక తల్లి అందనుకోండి. కొత్తవాళ్ల నోట వెంటనే వచ్చే మాట "ఏం ఫర్వాలేదమ్మా, అన్నీ సర్దుకుంటాయి." ఆ మాటతో ఆవిడ ఇక చెప్పడం ఆపేస్తుంది. రెండోది "వాళ్ల టీచర్‌తో మాట్లాడారా?" ఆవిడ ఆ పని ఎప్పుడో చేసి ఉంటుంది, ఇప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. "ఏం చెయ్యాలో తోచక బాగా నలిగిపోతున్నట్టున్నారు. ఎప్పట్నుంచి ఇలా అంటున్నాడు?" అని ఆగండి. ఆగడమే కష్టం. మౌనం నాలుగు క్షణాలు దాటగానే ఏదో ఒకటి అనేయాలనిపిస్తుంది. గమనించే మనిషి పని అదే: ఎన్నిసార్లు మధ్యలో అందుకున్నారు, ఎన్నిసార్లు సలహా ఇచ్చేశారు అని లెక్కపెట్టడం.

అందరూ ఒప్పుకుంటే రికార్డు చేసి, మీ ముఖం మీరు చూసుకోండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. మీకే తెలియకుండా నుదురు చిట్లిస్తున్నారని తెలిసేది అప్పుడే. చూశాక ఆ రికార్డింగు తీసేయండి.

అడుగు 7: కేస్ నోట్స్ రాయడం నేర్చుకోండి

కేస్ నోట్స్ అంటే సాయం కోరి వచ్చిన మనిషితో ఏం జరిగిందో రాసిపెట్టే రికార్డు. ఈ నేర్పును కోర్సులు ఒక పాఠంతో సరిపెట్టేస్తాయి, ఉద్యోగంలో మాత్రం రోజూ ఇదే పని. కింది రెండూ చూడండి.

"తాగి వచ్చాడు. మొండిగా ప్రవర్తించాడు. సహకరించలేదు."

"ఉదయం 10:20కి వచ్చారు. మాట తడబడుతోంది, మద్యం వాసన వచ్చింది. వసతి ఫారం మీద సంతకం అడిగితే, 'ముందు మా తమ్ముడితో మాట్లాడాలి' అన్నారు. గురువారం 11 గంటలకు మళ్లీ రావడానికి ఒప్పుకున్నారు."

మొదటిది తీర్పు. రెండోది జరిగినది. మాట తడబడటానికి కారణం మందుల ప్రభావమో, అనారోగ్యమో కూడా కావచ్చు, అందుకే కనిపించినదీ వినిపించినదీ మాత్రమే రాసి ఊరుకోవాలి. ఆ నోట్సును రేపు మీ స్థానంలో వచ్చే ఉద్యోగి చదువుతారు. కోర్టు తెప్పించుకోవచ్చు. చాలాచోట్ల ఆ మనిషికే తన ఫైలు చూసుకునే హక్కు ఉంది. తన గురించి మీరు రాసింది తనే చదివితే అవమానంగా అనిపించకూడదు. ప్రతి సాధన తర్వాత ఆరేడు వాక్యాల నోట్సు రాసి, గమనించిన మనిషితో దిద్దించుకోండి. తేదీ, సమయం, జరిగినది, ఆ మనిషి అన్న మాటలు అలాగే, ఒప్పుకున్న తదుపరి పని. ఇది అలవాటైతే ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే పనికొస్తారు.

మీ కోసం రాసుకునే నోటుపుస్తకం వేరుగా ఉంచుకోండి. అనుభవాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడానికి కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది 1988లో గ్రాహమ్ గిబ్స్ అనే విద్యావేత్త చెప్పిన వరస: ఏం జరిగింది, ఎలా అనిపించింది, ఏది బాగుంది ఏది బాగోలేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండాల్సింది, మళ్లీ వస్తే ఏం చేస్తాను. అసైన్‌మెంట్ల కోసం ఏడాది చివర్లో కూర్చుని అల్లడం కంటే ఫీల్డ్ నుంచి వచ్చిన సాయంత్రమే పదిహేను నిమిషాలు రాసుకోవడం నిజాయితీగా ఉంటుంది.

అడుగు 8: గోప్యత ఇంట్లోంచే మొదలవుతుంది

హాల్లో కూర్చుని స్పీకర్ పెట్టి కేసుల గురించి చర్చించకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా మీ మాటలు పక్క గదిలోకి వినిపిస్తాయని మరిచిపోకండి. అసైన్‌మెంట్‌లో పేరు మార్చితే సరిపోదు. చిన్న ప్రాంతంలో ఊరు, ఉద్యోగం, పిల్లల సంఖ్య చెబితే ఎవరో ఇట్టే తెలిసిపోతుంది, అవీ మార్చాలి. ఫీల్డ్‌లో విన్న విషయాల్ని వాట్సాప్ గ్రూపుల్లో గానీ, చాట్‌జీపీటీ లాంటి సాధనాల్లో గానీ పెట్టకండి. అక్కడికి చేరిన సమాచారం మీ అదుపులో ఉండదు, ఆ మనిషి మీకు చెప్పుకుంది దానికోసం కాదు.

గోప్యతకు హద్దులున్నాయి. పిల్లలకు హాని జరుగుతోందని తెలిసినా, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందని తెలిసినా మీ దగ్గరే దాచుకోకూడదు. ఎవరికి, ఎంత త్వరగా చెప్పాలో ఫీల్డ్‌వర్క్ మొదటి రోజే సూపర్‌వైజర్‌ని అడిగి రాసుకోండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఎప్పుడూ మాట ఇవ్వకండి.

అడుగు 9: మీ మనసును గమనించుకోండి

ఇతరుల బాధ వినీ వినీ మనసు మొద్దుబారడం, కలల్లోకి అవే రావడం ఈ పనిలో మామూలుగా ఎదురయ్యేవే. క్యాంపస్‌లో అయితే క్లాసు తర్వాత నలుగురు కలిసి బయటికి నడుస్తారు. ఇంట్లో లైవ్ క్లాసు ముగియగానే తెర నల్లబడుతుంది, మీరు ఒంటరిగా మిగులుతారు. హింస, ఆత్మహత్యల లాంటి పాఠాలు రాత్రి పడుకునేముందు వినకండి. విన్నాక పావుగంట ఫోన్‌లో తోటి విద్యార్థితో మాట్లాడండి. ఏదైనా పాఠం మీ సొంత గతాన్ని కెలికితే ట్యూటర్‌కి చెప్పండి. గడువు పెంచడమో, వేరే అంశం ఇవ్వడమో చేస్తారు. అలా అడిగినందుకు ఈ వృత్తికి పనికిరారని ఎవరూ అనుకోరు.

అడుగు 10: దరఖాస్తుకు కావాల్సినవి చదువుతుండగానే పోగుచేయండి

ఒక ఫోల్డర్ తెరిచి సర్టిఫికెట్లు, సంతకాలున్న ఫీల్డ్‌వర్క్ గంటల పట్టిక, సూపర్‌వైజర్ రాసిన అభిప్రాయాలు, ప్రథమ చికిత్స కార్డు, పోలీస్ వెరిఫికేషన్ పత్రం స్కాన్ చేసి పెట్టుకోండి. గంటల పట్టిక మీద సంతకం ఏ వారానిది ఆ వారమే చేయించుకోండి.

ఇంటర్వ్యూలో "సేవ అంటే ఇష్టం" అనే మాట అందరూ అంటారు. అడిగేవాళ్లకు కావాల్సింది ఒక పరిస్థితిలో మీరేం చేస్తారన్నది. "ఒక క్లయింట్ మీ సొంత ఫోన్ నంబరు అడిగితే ఏం చేస్తారు?", "మీ సహోద్యోగి ఒక వృద్ధుడి మీద అరవడం చూశారు, తర్వాత?" లాంటి ప్రశ్నలు వస్తాయి. మీ నోటుపుస్తకంలోంచి నాలుగైదు సంఘటనలు, పేర్లు లేకుండా, రెండేసి నిమిషాల్లో చెప్పేలా సిద్ధం చేసుకోండి. ఏం జరిగింది, మీరేం చేశారు, ఎవరిని సంప్రదించారు. సంప్రదించారన్న భాగం వదిలేయకండి, ఒంటరిగా నిర్ణయాలు తీసుకునేవాళ్లంటే ఈ రంగంలో భయపడతారు.

ఆన్‌లైన్‌లో చదివారని దాచాల్సిన పని లేదు. ఫీల్డ్‌వర్క్ గంటల్ని ముందు వరుసలో రాసి, కోర్సు వివరాలు ఆ కింద రాయండి. రిఫరెన్స్ ఇవ్వమని సూపర్‌వైజర్‌ని అడగాల్సింది ఫీల్డ్‌వర్క్ ముగిసే చివరి వారంలోనే. ఈ రంగంలో మనుషులు తరచూ చోట్లు మారుతుంటారు, ఆర్నెల్ల తర్వాత ఆ నంబరుకు ఫోన్ చేస్తే మీ పని చూసినవాళ్లు అక్కడ ఉండకపోవచ్చు.